వీపు మీద గడ్డ: నడిమధ్యన ఉందా, పక్కకుందా?

మా వైపు పసిబిడ్డ వీపును అందరికంటే బాగా ఎరిగినవాళ్లు నీళ్లు పోసే అవ్వలు. పీట మీద కూర్చుని రెండు కాళ్లూ చాచి, వాటి మీద బిడ్డను బోర్లా వేసుకుని శెనగపిండి రుద్దుతుంటే, అరచెయ్యి మెడ నుంచి పిరుదుల దాకా ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కుండదు. మా పిల్లోడికి తొమ్మిదో నెలలో నడుము కింద ఏదో ఉందని కనిపెట్టింది కూడా అట్లాగే, మా అత్త. చెయ్యి అక్కడే ఆపి "ఈడేందో మెత్తగా తగుల్తాంది, చూడుమ్మే" అంది. కంటికి నాకేమీ కనబడలేదు. వేలు పెట్టి చూస్తే చర్మం కింద నానబెట్టిన శెనగ్గింజంత మెత్తగా జారింది.

ఆ రెండు రోజులూ ఇంట్లో వైద్యులకు కొదవ లేదు. పక్కింటామె నేను తిన్న బేనీషా మామిడిపండ్లను తప్పుపట్టింది, పాలలో వేడి దిగిందట. మా అమ్మమ్మకు నారికురుపు గుర్తొచ్చింది. ఆమె భయాన్ని నవ్వి తీసిపారేయలేం. దిగుడుబావి నీళ్లు తాగి పెరిగిన తరం అది. కురుపులోంచి తెల్లటి పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగడం సీమ పల్లెల్లో ఆమె కళ్లారా చూసింది. ఆ జబ్బు మన దేశంలో చివరిసారి కనబడింది 1996లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో అది లేదని ధ్రువీకరించింది. కాబట్టి ఇప్పటి పిల్లల గడ్డల్లో దాని ఊసు అక్కర్లేదు. అందరికంటే ధైర్యంగా మాట్లాడింది మాత్రం వీధి చివరి ఆర్‌ఎంపీ. "చిన్న గాటు పెట్టి పిండేస్తే పోతుందిలేమ్మా, ఐదు నిమిషాల పని" అన్నాడు. ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి ఆ ఐదు నిమిషాల మాటే కారణం.

గడ్డ అనగానే అందరూ అడిగేది ఎంత పెద్దదని. కర్నూలులో పిల్లల డాక్టరు అది అడగలేదు. వాణ్ణి బోర్లా పడుకోబెట్టి, చూపుడువేలు మెడ దగ్గర ఆనించి, ఒక్కో పూసను తడుముకుంటూ కిందికొచ్చి, గడ్డ దగ్గర ఆగి, బాల్‌పెన్నుతో దాని చుట్టూ గీత గీశాడు. వెన్ను మీదుగా ఇంకో గీత. రెండూ కలిశాయి. "పక్కకుంటే ఇంటికి పంపేసేవాణ్ణి. నడిమధ్యన ఉంది, లోపల చూడకుండా ఏమీ చెప్పను" అన్నాడు. తర్వాత లంగోటా విప్పి పిరుదుల చీలిక నిటారుగా ఉందా, వంకరగా ఉందా చూశాడు. అరికాళ్లు గీరాడు. ఒంటేలు ధారగా పోస్తాడా, బొట్లుబొట్లుగా కారుతుందా అని అడిగాడు. వీపు మీది గడ్డకూ ఒంటేలుకూ సంబంధమేమిటని అప్పుడు నాకు అర్థం కాలేదు.

సంబంధం కడుపులోనే మొదలవుతుంది. గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే, తల్లికి ఇంకా నెల తప్పిన సంగతి సరిగ్గా తెలియకముందే, పిండం వీపున పలకలాంటి పొర ఒకటి తమలపాకు చుట్టినట్టు చుట్టుకుని గొట్టమవుతుంది. అదే తర్వాత మెదడు, వెన్నుపాము. గొట్టం మూసుకున్నాక దాని మీద కండ, ఎముక, చర్మం కప్పుకుంటాయి. ఈ చుట్టుకోవడంలో ఎక్కడైనా తేడా వస్తే చర్మానికీ వెన్నుపాముకూ మధ్య ఉండకూడని లంకె మిగిలిపోతుంది. అది నడిమధ్యనే జరుగుతుంది, ఎందుకంటే అంచులు కలిసేది అక్కడే. అందుకే రెక్క ఎముక పక్కన నిమ్మకాయంత గడ్డ కంటే, నడుము మీద సరిగ్గా వెన్ను గీతన ఉన్న శెనగ్గింజంత గడ్డే డాక్టరును ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ఈ లంకెలు రకరకాలు. కొందరు బిడ్డలు పుడుతూనే నడుము మీద నీటిసంచిలాంటి బుడగతో పుడతారు, ఏడ్చినప్పుడు అది బిగుసుకుంటుంది. పైపొర పలచగా ఉన్నా, నీరు కారుతున్నా అది నిమిషాల లెక్కన చూడాల్సిన విషయం. తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, బిడ్డను బోర్లా ఉంచి, 108లో పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఇది ఎవరి కంటా తప్పిపోదు. తప్పిపోయేది రెండో రకం. పైన చర్మం మామూలుగా, నున్నగా ఉంటుంది. కింద కొవ్వు ముద్ద. ఆ ముద్ద తోక పూసల సందులోంచి లోపలికి దూరి వెన్నుపామును అంటుకుని ఉంటుంది. బిడ్డ కాళ్లు ఆడిస్తాడు, పాలు తాగుతాడు, నవ్వుతాడు. బొద్దుగా ఉన్నాడు కదా, కొవ్వులే అని ఊరుకుంటారు.

గుంజకు కట్టిన దూడను తలచుకోండి. పుట్టినప్పుడు పలుపుతాడు చాలినంత పొడుగే. దూడ పెరిగేకొద్దీ తాడు పెరగదు, మెడ బిగుస్తుంది. వెన్నుపాము సంగతీ అంతే. బిడ్డ పెరిగేటప్పుడు వెన్నెముక వెన్నుపాము కంటే ఎక్కువ సాగుతుంది, అందువల్ల పాము చివర పైకి జరిగినట్టుగా నడుము మొదటి రెండు పూసల దగ్గర నిలవాలి. కింద కొవ్వు ముద్ద పట్టుకుని ఉంటే అది జరగలేక సాగుతుంది. సాగిన నరాలు మొదట చెడేది ఒంటేలు, దొడ్డికి పోవడం, పాదాల దగ్గర. అందుకే రెండు మూడేళ్ల దాకా బాగానే నడిచిన పిల్ల ఒక కాలు ఈడ్చడం మొదలుపెడుతుంది. ఒక కాలికే చెప్పు ఊడిపోతుంటుంది, లేదా ఒక చెప్పే ఒకవైపు అరిగిపోతుంది. పక్క తడపడం మానేసిన పిల్లోడు మళ్లీ తడుపుతాడు. మాటిమాటికీ ఒంటేలులో మంట, జ్వరం. ఇంట్లోవాళ్లు పక్క తడిపినందుకు కొడతారు, చెప్పులు కొత్తవి కొంటారు. వీపు మీది గడ్డకూ దీనికీ ముడిపెట్టేవాళ్లు తక్కువ.

ఆ ముద్ద మీద గాటు పెడితే ఏమవుతుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు. చీము రాదు. వస్తే గిస్తే వెన్నుపాము చుట్టూ ఉండే నీరు వస్తుంది. ఆ దారినే సూక్ష్మక్రిములు లోపలికి పోయి మెదడు పొరల వాపు తెస్తాయి. కొవ్వులో కలిసిపోయిన నరాలు తెగితే తిరిగి అతకవు. నడిమధ్యన ఉన్న గడ్డను స్కాను లేకుండా కొయ్యకూడదు, సూదితో గుచ్చి చూడనూ కూడదు. అది ఆర్‌ఎంపీకి ఎంత వర్తిస్తుందో, తొందరపడే పెద్ద సర్జనుకూ అంతే వర్తిస్తుంది.

గడ్డే ఉండాలని లేదు. నడుము మధ్యన వెంట్రుకల కుచ్చు, ఎర్రటి మచ్చ, తోకలాంటి చిన్న చర్మపు ముక్క, గుంట ఇవన్నీ ఆ లంకెకు పైనున్న గుర్తులు కావచ్చు. గుంట గురించి మాత్రం ఒక ఊరట మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లులు దాన్ని చూసి బెంబేలెత్తుతారు. పిరుదుల చీలిక లోపల, మలద్వారానికి రెండున్నర సెంటీమీటర్ల లోపు, 5 మిల్లీమీటర్ల కంటే వెడల్పు లేని గుంట, అడుగు కనబడుతూ, చుట్టూ ఇంకే గుర్తూ లేకపోతే మామూలు సంగతి. దానికంటే పైన ఉన్నా, అడుగు కనబడకపోయినా, తడిగా ఉన్నా చూపించాలి. నీలంగా, కమిలినట్టు ఉండే చదునైన మచ్చలు మన పిల్లల నడుముల మీద మామూలే. దెబ్బలు కావు, గడ్డలూ కావు, ఏళ్లు గడిచేకొద్దీ మాసిపోతాయి.

మూడు నాలుగు నెలల లోపు బిడ్డకైతే పూసలు ఇంకా పూర్తిగా గట్టిపడవు కాబట్టి అల్ట్రాసౌండుతోనే వెన్నుపాము కనబడుతుంది. మత్తక్కర్లేదు, బిడ్డను బోర్లా వేసి పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ వయసు దాటితే ఎముకలు అడ్డం, ఎంఆర్‌ఐ తీయాల్సిందే. మా వాడికి తొమ్మిది నెలలు కదా, ఆ సులువు పోయింది. తెల్లవారుజామున పాలు ఆపమన్నారు, స్కానుకు నాలుగు గంటల ముందు. ఆ నాలుగు గంటలూ వరండాలో వాణ్ణి ఎత్తుకుని తిరిగినదాన్ని నేను. నా పైట వాసనకు వాడు ఏడ్చేవాడు, మా అత్త లాక్కునేది. చివరికి మత్తిచ్చి లోపలికి పంపారు. కొవ్వు చర్మం కిందే ఆగిపోయింది, లోపలికి తోక లేదు, వెన్నుపాము చివర వదులుగా ఉండాల్సిన చోటే ఉంది. "దీన్ని ముట్టుకోవద్దు, ఏడాదికొకసారి చూపించండి" అన్నారు. లోపలికి లంకె ఉండి ఉంటే న్యూరో సర్జను దాన్ని విడదీసేవాడు. అటువంటి ఆపరేషను లక్షణాలు మొదలవక ముందు చేస్తే ఉన్నది కాపాడుకోవచ్చు, పోయింది తిరిగి రావడం మాత్రం కష్టం. పెద్దయ్యాక చూద్దాంలే అన్న మాట ఇక్కడొక్కచోట నిజంగా ఖరీదైన మాట.

పక్కకున్న గడ్డల కథ వేరు. తెలుగులో గడ్డకు ఇన్ని పేర్లున్నది ఊరికే కాదు. బొప్పి, దద్దురు, కురుపు, సెగ్గడ్డ, బిళ్ల, బుడిపె, కంతి, గూని. ప్రతి పేరులోనూ సగం రోగనిర్ణయం ఉంది. డాక్టరు దగ్గరికి పోగానే అన్నిటినీ "గడ్డ" అనేస్తాం గానీ, ఇంట్లో మాట్లాడుకునే మాటే చెబితే ఆయనకు ఎక్కువ ఉపయోగం.

కురుపులు, సెగ్గడ్డలు కర్నూలు, కడప ఎండలకు పుట్టిన సొత్తు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. పిల్లల వీపు నిండా చెమటకాయలు. వాటిని గోకితే గోరు కింది సూక్ష్మక్రిములు వెంట్రుక కుదుట్లోకి దిగి చీము పట్టిస్తాయి. మామిడిపండుకు ఇందులో పాత్ర లేదు. అది పండే కాలమూ చెమట పట్టే కాలమూ ఒకటే కావడంతో పాపం దానికి చెడ్డపేరు. ఎర్రగా, వేడిగా, ముట్టుకుంటే ఏడ్చేలా, ఒకటి రెండు రోజుల్లో పెరిగితే అది సెగ్గడ్డ. గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టొచ్చు, రోజూ స్నానం, పలచని నూలు చొక్కా, గోళ్లు కత్తిరించడం. పిండకూడదు. పసరు, సున్నం, కాల్చిన ఉల్లిగడ్డ పసిచర్మాన్ని కాల్చేస్తాయి. గడ్డ పండి మెత్తబడితే కోయాల్సిందే, అయితే ఆసుపత్రిలో. చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరమొచ్చినా, పిల్ల డీలాపడినా అదే రోజు చూపించాలి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వస్తే గడ్డ ఉన్నా లేకపోయినా ఆగకూడదు.

ఇక వాతలు. కాల్చిన గాజుముక్కతోనో, ఇనుప కడ్డీతోనో బిడ్డ ఒంటి మీద వాత పెట్టడం ఇంకా అక్కడక్కడ ఉంది. పెద్దవాళ్ల మీద గౌరవమున్నా ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి. వాతకు లోపలి గడ్డ కరగదు. మిగిలేది కాలిన పుండు, దానికి పట్టే చీము.

నొప్పి లేని, నెలలుగా అంతే ఉన్న, వేలితో తోస్తే జారే బుడిపెలు చాలావరకు కొవ్వు గడ్డలో, చర్మపు తిత్తులో. తిత్తికి నడుమ నల్లటి చుక్కంత రంధ్రం కనబడొచ్చు, పిండితే చెడువాసనతో తెల్లటి ముద్ద వస్తుంది. అది వచ్చిందని సంబరపడకండి, సంచి లోపలే ఉంటుంది, మళ్లీ నిండుతుంది. కొన్ని గులకరాయిలా గట్టిగా ఉంటాయి. సున్నం పేరుకున్న ఆ చిన్న గడ్డలు పిల్లల్లోనే ఎక్కువ, ప్రమాదం లేనివి. గట్టిగా ఉందంటే క్యాన్సరే అనుకోవడానికి లేదు.

పుట్టిన వారం రెండు వారాల్లో ఎర్రటి చుక్కలా మొదలై, చూస్తుండగానే ఉబ్బి, పండిన టమాటా రంగుకు తిరిగే గడ్డలు రక్తనాళాల గుత్తులు. తల్లి గ్రహణం చూసినందుకు వచ్చాయంటారు. తల్లి నెత్తిన ఇంకో నింద, అంతే. మొదటి కొన్ని నెలలు వేగంగా పెరుగుతాయి, ఏడాది తర్వాత నెమ్మదిగా వెలిసి, నాలుగైదేళ్లకు చాలావరకు కుంగిపోతాయి. పుండుపడినా, ఒంటి మీద ఐదు, అంతకుమించి ఉన్నా, నడుము మీద వెన్ను గీతన ఉన్నా డాక్టరుకు చూపించాలి. ఇప్పుడు వీటికి ప్రొప్రనలాల్ అనే మందు బాగా పనిచేస్తుంది. గుండెజబ్బుకు వాడే మందు పసిబిడ్డకెందుకని కంగారుపడకండి. కానీ అది డాక్టరు చేతి మీదుగానే మొదలవ్వాలి.

కష్టమైన కాన్పులో, పుట్టగానే ఏడవకుండా, రోజుల తరబడి నవజాత శిశువుల వార్డులో ఉండి వచ్చిన బిడ్డల వీపు మీద మొదటి వారాల్లో గట్టిగా, ఎర్రగానో వంకాయ రంగులోనో పలకల్లాంటి గడ్డలు రావచ్చు. చర్మం కింది కొవ్వు దెబ్బతిని గడ్డకట్టడం అది. కొన్ని వారాల నుంచి నెలల్లో దానంతటదే కరుగుతుంది. కానీ కరిగే క్రమంలో రక్తంలో కాల్షియం పెరగవచ్చు. పాలు సరిగా తాగకపోవడం, వాంతులు, మలబద్ధకం, మందకొడితనం కనబడితే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. గడ్డలు పోయాక కూడా కొన్ని నెలలు ఆ పరీక్ష చేస్తుంటారు.

మెడ వెనక, తల మొదట్లో తగిలే బిళ్లలు వీపు గడ్డల కిందికి రావు గానీ అందరూ అక్కడే చెయ్యి పెట్టి చూపిస్తారు. తలలో పేలో, పుండ్లో, తామరో ఉంటే అక్కడ బిళ్ల కడుతుంది, తల బాగైతే తగ్గుతుంది. సెంటీమీటరు లోపు ఉండి జారుతుంటే పట్టించుకోనక్కర్లేదు. రెండు సెంటీమీటర్లు దాటినా, నాలుగైదు వారాలకూ తగ్గకపోయినా, ఒకదానికొకటి అతుక్కుని గుత్తిలా ఉన్నా చూపించాలి. పాతవాళ్లు గండమాల అన్నది చాలావరకు క్షయ బిళ్లలే.

క్షయ గూనిగా కూడా వస్తుంది. ఇదొక్కటీ కొంచెం పెద్ద పిల్లల సంగతి. గట్టిగా, నడిమధ్యన, పూసే బయటికి పొడుచుకొచ్చినట్టు మొన తేలుతుంది. పిల్లోడు కింద పడ్డ గోళీ తీయాలంటే నడుము వంచడు, వీపు నిటారుగా ఉంచి గొంతుకు కూర్చుని తీస్తాడు. రాత్రి నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తాడు. బరువు పెరగడు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది. బడి సంచి మోసి వచ్చిందనుకుని నూనె మర్దనాలు చేయిస్తూ నెలలు గడిపితే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. 2024 నవంబరు నుంచి పోషణకు నెలకు వెయ్యి రూపాయలు కూడా ఇస్తున్నారు. బక్కపలచని పిల్లలకు మెడ మొదట్లోని పూస, వంగినప్పుడు వరుసగా పూసలన్నీ కనబడటం మాత్రం జబ్బు కాదు.

క్యాన్సరు గురించి అడగకుండా ఎవరూ ఉండరు. పిల్లల వీపు మీది గడ్డల్లో అది అరుదు. వారాల్లో పెరిగిపోయే, కండకో ఎముకకో అతుక్కుని కదలని, నిమ్మకాయ పరిమాణం దాటిన గట్టి గడ్డ, దాంతో పాటు తగ్గని జ్వరం, పాలిపోవడం, బరువు తగ్గడం ఉంటే ఆ అనుమానంతోనే పరుగెత్తాలి. ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకుమించి ఉన్నా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. అది నరాల మీద గడ్డలు లేపే పుట్టుక జబ్బుకు గుర్తు కావచ్చు.

ఎక్కడికి పోవాలన్నదానికి మన జిల్లాల్లో దారి మరీ కష్టం కాదు. అంగన్‌వాడీకి, బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందం పుట్టుక లోపాలను చూసే జాబితాలో వెన్ను లోపాలూ ఉన్నాయి. చొక్కా విప్పి చూడమని అడగండి, అడగకపోతే గుంపులో చూడకుండా పోవచ్చు. అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్ ఉన్నాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో పిల్లల సర్జరీ, న్యూరో సర్జరీ విభాగాలున్నాయి. ఒకప్పటి ఆరోగ్యశ్రీయే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, రేషన్ కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. వెన్ను లోపంతో బిడ్డ పుట్టిన ఇంట్లో మళ్లీ బిడ్డ కావాలనుకుంటే, నెల తప్పాక కాదు, ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి, అదీ మామూలు 400 మైక్రోగ్రాములు కాదు, డాక్టరు రాసే పెద్ద మోతాదు. నాలుగో వారానికి మూసుకునే గొట్టానికి మూడో నెలలో ఇచ్చే మాత్ర అందదు.

పోయేముందు ఒక పని చేయండి. వెలుతురులో బిడ్డను బోర్లా వేసి, గడ్డ పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోను కెమెరాతో ఫొటో తీయండి. మెడ నుంచి పిరుదుల దాకా ఇంకొకటి, వెన్ను గీత కనబడేలా. రెండు వారాలకోసారి అదే బిళ్లతో. పెరిగిందా అని డాక్టరు అడిగితే మేం పెరిగిందంటాం, మా అత్త లేదంటుంది, మా ఆయన అసలు చూడలేదంటాడు. బిళ్ల మాత్రం మాట మార్చదు.